గోడ తీసిన వంటయిల్లు

ఇట్టి సంచికలలో ప్రబంధములను గూర్చియు, పదకవితను గూర్చియు, యక్షగానములను గూర్చియు విమర్శలు చదువ నలవాటుపడిన పాఠకులకు వంటయింటి ప్రసక్తి కొంత వింతగా తోచవచ్చును. కాని యిల్లు కూడ ఒక రచనయే. దానికి కర్త కలడు, సంప్రదాయము కలదు, మంచి అనుకరణము, చెడ్డ అనుకరణము అను భేదమును కలదు. పద్యము రుచింపనిచో పుస్తకము మూసివేయవచ్చును. ఇల్లు కుదరనిచో అందులోనే ముప్పది యేండ్లు కాపురము చేయవలెను. కాబట్టి గృహరచనను విమర్శించుట కావ్యవిమర్శకంటె తక్కువ పని యని నేను భావింపను.

నేను విమర్శింపదలచినది నేడు బెంగుళూరు, చెన్నై, పుణె నగరములలోని అపార్టుమెంటులలో విరివిగా కనబడుచున్న ఒక పద్ధతి. వంటయింటికిని హాలుకును నడుమ గోడ యుంచక, వంట, భోజనము, కొలువు అను మూడింటిని ఒకే స్థలమున కూర్చుదురు. దీనిని ఓపెన్ కిచెన్ అందురు. క్రొత్తగా కట్టు ఇండ్లలో ఆ గోడ పుట్టకయే పోవుచున్నది. పాత ఫ్లాటులలో దానిని పగులగొట్టించి తీయించుచున్నారు. మా యింటను అదే జరిగినది.

మా కుటుంబము బెంగుళూరు చేరి మూడు తరములైనది. మా తల్లిగారి పుట్టినిల్లు గోదావరి డెల్టాలోని ఒక మండువా లోగిలి. అత్తవారిల్లు, అనగా మా యిల్లు, బెంగుళూరు పాతపేటలో ఒక సందులోనిది. దాని వంటయిల్లు ఒక చీకటిగది. ఆ గదిలో ఆమె నలువది సంవత్సరములు వండిరి. తరువాత మేము ఫ్లాటునకు మారితిమి. కొన్ని యేండ్ల క్రిందట మా అబ్బాయి ఆ ఫ్లాటును బాగుచేయింపబూని, గృహాలంకరణము చేయు ఒక సంస్థవారిని పిలిచెను. వారు కంప్యూటరుపై చూపిన చిత్రము మిక్కిలి మనోహరముగా నుండెను. నాయనమ్మకు ఇక నాలుగుగోడల మధ్య ఒంటరిగా వండు బాధ తప్పునని వాడు సంతోషించెను. వాని యుద్దేశము మంచిదే. గోడ తీసిరి. బంధువులను పిలిచి విందు చేసితిమి. చుట్టములు హాలులో కూర్చుండగా మా తల్లిగారు పొయ్యివద్ద నిలిచి పులిహోరకు పోపు వేసిరి. ఎండుమిరపకాయ ఘాటుకు హాలంతయు దగ్గినది.

అది నవ్వుకొని మరచిపోవదగిన సంగతి. మరచిపోరానిది, నాలుగు దినముల పిమ్మట ఆమె నాతో ననిన మాట: “ఒరే నాయనా, ఆ పాత వంటింట్లో నేనెవరికీ కనపడేదాన్ని కాదు, ఎవరూ నాకు కనపడేవారు కాదు. ఇప్పుడు నేను అందరికీ కనపడుతున్నాను. నాకు మాత్రం గోడే కనపడుతోంది.”

నేను లేచి పోయి పొయ్యిముందు నిలిచి చూచితిని. అరువది దాటిన వయసులో, సిగ్గుతో చెప్పుచున్నాను, ఆ చోట నిలిచి ఇల్లు చూచుట నాకదియే మొదటిసారి. కన్నులకు రెండడుగుల దూరమున పలకలు పరచిన గోడ. వీపు వెనుక హాలు, టెలివిజను, చుట్టములు. పిలిచినవారికి బదులు చెప్పవలెనన్నచో మెడ త్రిప్పవలెను. మెడ త్రిప్పినచో మూకుడు మాడును. హాలులోని పంకా తిరుగుచుండగా గ్యాసుమంట అల్లాడును. పంకా ఆపినచో హాలులోనివారికి ఉక్క. పొయ్యిపై చిమ్నీ యున్నది గాని దాని గొట్టము బయటికి పోవుటకు దారి లేదు; పీల్చినగాలిని వడగట్టి మరల మన ముఖముననే వదలును. అట్టి చిమ్నీ నూనెతుంపరను కొంత పట్టును గాని వేడిని, ఆవిరిని పోగొట్టజాలదు. ఇన్ని లోపములును ఆ చిత్రములో కనబడలేదు. ఏలయనగా ఆ చిత్రము సోఫామీద కూర్చున్నవాని కంటితో వ్రాసినది. నా విమర్శకు ఇదియే మూలము. వంటయింటి రచనను పొయ్యిముందు నిలిచి తూచవలెను గాని సోఫాలో కూర్చుండి కాదు.

ఈ పద్ధతికి మూలపురుషులైనవారు ఏమి చేసిరో చూతము. 1926 లో ఆస్ట్రియా దేశపు వాస్తుశిల్పి మార్గరెటె షూట్టె-లిహోట్స్కీ ఫ్రాంక్‌ఫర్టు నగరపు క్రొత్తయిండ్లకై ఒక వంటగది నిర్మించినది. వెడల్పు సుమారు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. వండునామె అడుగుల లెక్కనుబట్టి ప్రతి అర, ప్రతి సొరుగు అమర్చబడినది. సుమారు 10,000 ఇండ్లలో దానిని నెలకొల్పిరి. అది గోడలేని వంటయిల్లు కాదు, గోడ గలదియే. అయినను హాలువైపున జరుపుతలుపు నుంచిరి. కూర వండుచునే హాలులోని బిడ్డను కనిపెట్టవచ్చును. భోజనపుబల్ల దగ్గరనే యుండును. దానిని రచించునాటికి తాను ఇల్లు నడిపి యెరుగనని ఆమె తరువాత చెప్పుకొన్నది. అడుగులు లెక్కించుటలో ఆమె నేర్పు గొప్పది. ఒంటరితనమును లెక్కింపలేదని తరువాతివారు ఆ గదిని తప్పుపట్టిరి.

అమెరికాలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఒక మెట్టు ముందుకు పోయెను. 1934 లో మినియాపొలిస్ నగరమున విల్లీ దంపతుల యింటను, 1937 లో మాడిసన్ నగరమున జేకబ్స్ దంపతుల యింటను వంటచోటును హాలునుండి పూర్తిగా వేరు చేయక ఒకదానితో నొకటి కలిపెను. పనివారు లేని మధ్యతరగతి యిల్లాలు అతిథుల మాటలకు దూరము కారాదన్నది ఆతని ఉద్దేశము. ఇంతవరకు అందరును చెప్పుదురు. ఎవరును చెప్పనిది మరియొకటి కలదు. అట్టి యిండ్లలో ఆతడు వంటచోటి కప్పును హాలు కప్పుకంటె ఎత్తుగా లేపెను. వేడియు వాసనయు హాలులోనికి రాక పైకెగసి పోవుటకు ఆ యెత్తు దారి. 1954 లో ప్రచురించిన తన గ్రంథమున ఈ సంగతిని ఆతడే వివరించెను. గోడ తీసినవాడు గోడ చేయు పనిని కప్పునకు అప్పగించెను.

1952 లో ఫ్రాన్సుదేశమున మార్సేయి నగరమందు ల కార్బూజియే నిర్మించిన 337 ఫ్లాటుల సౌధములో వంటయింటి రచన చార్లొట్ పెరియాన్ అను శిల్పినిది. హాలుకును వంటచోటుకును నడుమ ఆమె ఒక అల్మారాగట్టు నుంచినది. పాత్రలు అటునుండియు ఇటునుండియు అందుకొనవచ్చును. వండుచున్నామె ముఖము హాలువైపు త్రిప్పి మాటలాడవచ్చును. చెడుగాలిని యంత్రములు గొట్టములద్వారా పీల్చి బయటికి పంపును. ఇక్కడను గోడ ఊరక పోలేదు. సగము నిలిచినది, మిగిలిన సగమునకు యంత్రము బదులు వచ్చినది.

మన అనుకర్తలు ఈ మువ్వురినుండియు గ్రహించినది గోడ లేకపోవుట మాత్రమే. ఎత్తైన కప్పును గ్రహింపలేదు. ముఖము త్రిప్పు గట్టును గ్రహింపలేదు. ప్రబంధము నుండి వర్ణన మాత్రము తీసికొని కథను వదలినవానిని మన విమర్శకులు ఏమందురో, వీరినిగూడ అదే యనవలెను.

ఇక మన సంప్రదాయము మాట. మండువా లోగిలిలో నడుమ ఆకాశమునకు తెరచిన చోటు, దాని నాలుగువైపుల లోపలికి వాలిన పెంకుటికప్పు, కప్పు క్రింద వసారాలు, వసారాలవెంట గదులు. మనము స్థిరపడిన ప్రాంతములలోను దీనికి చుట్టములు కలవు. కన్నడిగుల తొట్టిమనె, తమిళుల ముట్రము, ఒడిశావారి అగణా, మహారాష్ట్రుల వాడాలోని చౌకు, ఇవన్నియు ఒక్క కుదురువే. తెలుగువారు ఏ పొరుగుకు పోయినను ఈ ఆకాశపుతునుక వారికి క్రొత్తగా తోచలేదు.

మా తల్లిగారి పుట్టినింట వంట ఎట్లు జరిగెడిదో ఆమెను అడిగి తెలిసికొంటిని. నేననుకొన్నట్లు అది అంతయు వంటగదిలో జరుగలేదు. బియ్యమును చేటలో చెరుగుట, చిక్కుడుకాయలు ఒలుచుట, కత్తిపీట ముందు కూర్చుండి వంకాయలు తరుగుట, ఇవన్నియు మండువా వసారాలోనే. నలుగురు కూర్చుండి నాలుగు మాటలు చెప్పుకొనుచు, ఆడుచున్న బిడ్డలను అదలించుచు ఆ పని చేసెడివారు. రుబ్బురోలు వెనుక వసారాలోనిది. గిన్నెలు తోముట పెరటిలో. మండెడి పొయ్యి యొక్కటే లోపలిగదిలో నుండెడిది. అనగా వంట అనునది ఒకే పని కాదు, రెండు పనులు. చేతిపని యొకటి, నిప్పుపని యొకటి. మొదటిదానికి కాలము ఎక్కువ పట్టును, పదిమంది సహవాసము పనికివచ్చును. రెండవదానికి కాలము తక్కువ, ఏకాగ్రత యెక్కువ. పొగయు ఘాటును దానివే. పూర్వపు గృహకర్త మొదటిదానిని తెరచి, రెండవదానిని మూసెను.

దీనిని చెప్పుటలో నేను పాతయింటిని నెత్తికెత్తుకొనుట లేదు. ఆ పొయ్యిగది స్త్రీల కన్నులను, ఊపిరితిత్తులను పొగచూరజేసినది. హైదరాబాదులోని ఇంజనీరింగు పరిశోధనాలయమున ఎస్. పి. రాజుగారు పొగలేని పొయ్యిని రూపొందించి, 1953 లో మద్రాసునుండి దానినిగూర్చి ఇంగ్లీషున పుస్తకము ప్రచురించిరి. పొగను గొట్టము ద్వారా ఇంటి బయటికి పంపుట అందలి ప్రధానసూత్రము. కోట్లమంది స్త్రీల బాధను ఇంజనీరు తన శాస్త్రములో చేర్చుకొనుట అరుదైన పని. అదిగాక, ఆ గదితలుపు మడి పేరిటను, మర్యాద పేరిటను ఇల్లాలిని వెనుకకు నెట్టినమాటయు నిజమే. భోజనములు ముగిసి, అందరును లేచినపిదప ఆమె ఆ గదిలోనే కూర్చుండి తినెడిది.

పేటలోని యింటికి మండువా లేదు. స్థలము చాలక చేతిపనియు నిప్పుపనియు ఒకే చీకటిగదిలో చేరినవి. ఆకాశము పోయి గోడ మిగిలినది. ఫ్లాటులో ఆ గోడనుగూడ తీసివేసి, రెండుపనులను కలిపియే హాలులోనికి తెచ్చితిమి. పేటలో రెండింటిని మూసితిమి. ఇక్కడ రెండింటిని తెరచితిమి. వాటిని వేరుచేయవలెనన్న తలపు ఉభయత్ర లేదు. మా తల్లిగారి మాటకు అర్థమిదియే.

గోడను తీయబూనినవాడు మొదట అది చేయుచుండిన పనులను లెక్కింపవలెను. నాకు తోచినంతవరకు అవి నాలుగు: ఘాటును ఆపుట, మ్రోతను ఆపుట, చిందరవందరను దాచుట, వండువారిని కూర్చున్నవారినుండి వేరుచేయుట. నాలుగవ పని నశింపవలసినదే. దానికి నేను కన్నీరు కార్చను. మొదటి మూడింటికి మాత్రము వేరొక పనివానిని నియమింపక గోడను పంపివేయరాదు.

ఘాటు సంగతి. పొయ్యి బయటిగోడకు ఆనుకొని యుండవలెను. అప్పుడు చిమ్నీ గొట్టము వంకరలు లేక, కురచగా బయటికి పోవును. ప్రతి వంకరయు గాలివేగమును తగ్గించును. పొయ్యికిని చిమ్నీకిని నడుమ రెండడుగులకు పైన, రెండున్నర అడుగులకు లోపల ఎడముండుట మంచిది. పీల్చినంత గాలి ఎక్కడనుండియో లోనికి రావలెను గనుక ఒక కిటికీ కొంచెము తెరచియుండవలెను. పంకా పొయ్యికి దూరముగా నుండవలెను. సిలిండరు వాడుచో మరియొక జాగ్రత్త: ఆ గ్యాసు గాలికంటె బరువైనది, నేలవెంట ప్రాకును, కాబట్టి నేలమట్టమున గాలిదారి కావలెను. గొట్టముల ద్వారా వచ్చు సహజవాయువు తేలికైనది, పైకెగయును. దానికి పైన దారి కావలెను. గోడ లేని యింట గ్యాసు కారినచో వంటచోట నిలువక హాలంతయు వ్యాపించునని మరువరాదు.

మ్రోత సంగతి. మిక్సీ, కుక్కరు ఈలలు, గిన్నెల చప్పుడు, మూడును హాలులో బిడ్డ చదువుకొను వేళకే వచ్చును. బెంగుళూరు ఫ్లాటులలో వంటయింటి వెనుక యుటిలిటీ అను చిన్న చోటుండును. అది మన పెరటికి మిగిలిన తునుక. మిక్సీని, గ్రైండరును, గిన్నెలు తోము తొట్టిని అక్కడికి పంపి నడుమ తలుపు పెట్టినచో మ్రోతలో పెద్దపాలు పోవును. పాత రుబ్బురోలు వెనుక వసారాలో నుండుటకు కారణమిప్పుడు తెలియుచున్నది.

చిందరవందర సంగతి. హాలువైపు గట్టుకు అంచున ఆరేడంగుళముల యెత్తుగా చిన్నగోడ లేపినచో తరిగిన తొక్కలు, ఎంగిలిగిన్నెలు కూర్చున్నవారి కంటబడవు. ఇంత స్వల్పోపాయము చిత్రమున అందముగా నుండదని అలంకర్తలు దానిని కోరరు.

ఇక కొలతలు. భారత జాతీయ భవననిర్మాణ సంహిత భోజనపుచోటు వేరుగా నున్నప్పుడు వంటయిల్లు 5 చదరపు మీటర్లకును, వంటయింటనే భోజనము చేయునప్పుడు 7.5 చదరపు మీటర్లకును తగ్గరాదనుచున్నది. ఇది కనీసము గాని ఆదర్శము కాదు. పొయ్యి, సింకు, ఫ్రిజ్ అను మూడింటిని కలుపు త్రికోణమున ఒక్కొక్క భుజము నాలుగు మొదలు తొమ్మిదడుగులు, మూడును కలిసి ఇరువదియాఱు అడుగులకు మించరాదని అమెరికాలో 1940 ప్రాంతములనుండి చెప్పుచున్నారు. మన చిన్న ఫ్లాటులలో దూరము బాధ కాదు, అడ్డు బాధ. ఫ్రిజ్‌ను హాలుమొగమున పెట్టి, పడకగదికి పోవు దారిని ఆ త్రికోణము నడుమనుండి తీసినచో, మరుగుచున్న సాంబారుతో తిరిగిన మనిషికి పరుగెత్తు పిల్లవాడు ఎదురగును. గోడ లేనిచోట దారిని గీతగీసినట్లు నిర్ణయించుట మరింత అవసరము. గట్టు ఎత్తు వండువారి మోచేతికి నాలుగైదంగుళముల దిగువ నుండవలెను గాని, పుస్తకములోని 34 లేక 36 అంగుళములు అందరికిని చెల్లవు. గోడ తీయుటకు ముందు అది బరువు మోయు గోడయా కాదా అని ఇంజనీరును అడుగుట తప్పనిసరి. ఇటీవలి భవనములు కొన్నిటిలో గోడలే కాంక్రీటుతో పోసినవి, వాటిని ముట్టరాదు.

ఆక్షేపణలు రెండు వినవచ్చును. మొదటిది పెద్దలది: వంటయిల్లు పవిత్రస్థలము, దానిని బజారు చేయరాదు, ఆగ్నేయమును కదల్పరాదు అని. ఆగ్నేయమునకు అగ్ని అధిపతి యని వాస్తువిద్య చెప్పినది. పొయ్యిని ఆ మూలనుంచుటకు గోడ తీయుట అడ్డురాదు. మడి కట్టుకొనువారికి అడ్డము కావలెనన్నచో అది వారి కోరికపై వేసికొను అడ్డము కావలెను. ఇల్లు కట్టినవాడు వేసిన అడ్డము కారాదు. రెండవది యువకులది: మేము ఇంట పోపులే వేయము, దోసెలే పోయము, మాకింత విచారమేల అని. వారి యిండ్లకు తల్లులు వత్తురు, అత్తలు వత్తురు. వచ్చిననాడే పోపు వేయుదురు. పండుగనాడు మాత్రము పనికిరాని వంటయిల్లు తెలుగువారి వంటయిల్లు అనిపించుకొనజాలదు.

మా యింట చేసిన సవరణ చెప్పి ముగింతును. వంటచోటు పదియడుగులు, ఎనిమిదడుగులు. తీసిన గోడను మరల కట్టలేదు. పొయ్యిని బయటిగోడకు జరిపి చిమ్నీకి సూటిగా గొట్టము వేయించితిమి. హాలువైపున ఏడడుగుల గట్టు కట్టించి, దాని పై భాగమున జరుపుకొను గాజుతలుపులు పెట్టించితిమి. పోపువేళ మూయుదుము, తక్కినవేళ తెరచియుంచుదుము. గట్టులో మూడడుగుల మేర ముప్పది అంగుళముల యెత్తుకే దింపించితిమి, కుర్చీలో కూర్చుండి తరుగుటకు. మిక్సీ యుటిలిటీకి పోయినది. మొదటిసారి వ్యయమైనదానిలో కొంత ఇట్లు వృథాయైనది. చిత్రము చూచినవేళ పొయ్యివద్ద నిలిచి చూచియుండినచో మిగిలెడిది.

ఇప్పుడు మా తల్లిగారు ఎనుబది దాటిన వయసున పొయ్యివద్దకు పోరు. ఆ పని నా భార్యది, ఆదివారములలో మా అబ్బాయిది. ఆమె దింపినగట్టువద్ద హాలుకు మొగమై కూర్చుండి చిక్కుడుకాయలు ఒలుచుదురు. ఎదురుగా కూర్చుండువాడు ఖాళీచేతులతో కూర్చుండుట ఆమెకు గిట్టదు గనుక నాకును ఒక గుప్పెడు కాయలు తోయుదురు. ఒలుచుట నాకింకను సరిగా రాలేదు. పుట్టినింటి వసారాలో ఎవరు ఎక్కడ కూర్చుండెడివారో, ఎవరి కత్తిపీటకు పదునెక్కువో, ఆ కథలు మాత్రము ఇన్ని యేండ్లకు ఆ గట్టువద్దనే వింటిని.